కనపడని పిల్లికి ఇల్లు వెతికిన కథ

తులసి షెల్టర్‌కి వచ్చిన రోజు నేను అక్కడ లేను. తర్వాతి ఆదివారం వెళ్లేసరికి పిల్లుల గదిలో కింది వరసలో, చివరి బోనులో బోర్లించిన అట్టపెట్టె ఒకటి కనిపించింది. బోను తలుపుకి కట్టిన చీటీ మీద "ఆడ, పదేళ్ల పైన, బూడిద రంగు, భయం" అని రాసుంది. పిల్లి జాడ మాత్రం లేదు. "పెట్టెలో ఉందక్కా. వారం నుంచీ నేను చూసింది తోక ఒక్కటే" అన్నాడు అక్కడ పనిచేసే అబ్బాయి.

సికింద్రాబాద్ దాటాక ఉన్న ఆ చిన్న షెల్టర్‌కి ఐదేళ్లుగా ఆదివారాలు వెళ్తున్నాను. ఇసక ట్రేలు కడగడం, మందులు వేయడం, దత్తతకి అడిగేవాళ్లతో ఫోన్‌లో మాట్లాడటం నా పనులు. పిల్లికూనలకి ఇళ్లు దొరకడం పెద్ద కష్టం కాదు. నాలుగు ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెడితే సాయంత్రానికి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. పెద్ద పిల్లి, అందులోనూ నాటు పిల్లి, అందులోనూ మనిషి అలికిడి వింటే గోడలోకి దూరిపోయేలా ఉండే పిల్లి అయితే ఎవరూ అడగరు.

ఇది వచ్చిన దారి కూడా మామూలుదే. పెంకుటిల్లు, పెరడు ఉన్న ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. పోయింది. కొడుకులు బయటి దేశాల నుంచి వచ్చారు, పెద్దకర్మ అయింది, ఇల్లు ఖాళీ చేశారు, వెళ్లేముందు పిల్లిని కూరగాయల బుట్టలో పెట్టి పైన ఇంకో బుట్ట బోర్లించి తెచ్చి అప్పగించారు. వాళ్లని తిట్టబుద్ధి కాలేదు. గేటు బయట వదిలేసి తాళం వేసుకుని పోయేవాళ్లని చాలామందిని చూశాను.

అసలు సమస్య తిండి. మొదటి రెండు రోజులూ ఏమీ ముట్టలేదట. మనిషి రెండు రోజులు ఉపవాసం ఉంటే పుణ్యమో పురుషార్థమో అంటాం కానీ పిల్లి తినడం మానేస్తే ఒంట్లో కొవ్వు కాలేయంలో పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. అందుకని డాక్టర్ సిరంజితో కొంచెం కొంచెంగా పట్టించారు. అలా పట్టించడానికి ప్రతిసారీ పెట్టె ఎత్తాలి, తువ్వాలులో చుట్టాలి, నోరు తెరవాలి. బతికించడానికే అయినా, దానికి మాత్రం మనుషులంటే ఇదే అని రోజుకి నాలుగుసార్లు నేర్పినట్టయింది. పైగా అటుపక్క కుక్కల మొరుగుళ్లు. జులై మొదట్లో నేను దాన్ని మా ఇంటికి తెచ్చుకున్నాను, ఇల్లు దొరికేదాకా అని.

మా ఇంట్లో ఇప్పటికే రెండు మగ పిల్లులున్నాయి, ఒక్కోటీ రెండేళ్లవి, రోజంతా ఇల్లు పీకి పందిరేస్తాయి. ఇది మా దగ్గర ఉండిపోవడం జరగని పని అని ముందే తెలుసు. చిన్న గది ఒకటి ఖాళీ చేసి తలుపు మూసి ఉంచాను. మా ఆయన తన ఇస్త్రీ బట్టల రాక్ పోయిందని రెండు రోజులు మొహం మాడ్చుకున్నాడు.

డాక్టర్ దగ్గరకి మళ్లీ తీసుకెళ్లాను. కూనలకైతే పళ్లు చూసి వారాల లెక్కన వయసు చెప్పొచ్చట. పెద్దవాటికి పళ్ల గార, కంటిపాప చుట్టూ మచ్చలు, కంటిలో మసక చూసి అంచనా వేయడమే. పదకొండు, ఇంకో ఏడాది అటూ ఇటూ అన్నారు. బరువు 2.8 కిలోలు. పొట్ట మీద వెంట్రుకలు తీసి చూస్తే పాత ఆపరేషన్ గీత కనిపించింది, అంటే ఆ ముసలావిడ ఎప్పుడో పిల్లలు పుట్టకుండా చేయించింది. ఎఫ్‌ఐవీ, ఎఫ్‌ఈఎల్‌వీ అనే పిల్లుల వైరస్ జబ్బుల టెస్టులు రెండూ నెగెటివ్. క్రియాటినిన్ కాస్త ఎక్కువగా ఉంది, ఈ వయసు పిల్లుల్లో కిడ్నీలు నెమ్మదించడం మామూలే కనుక నీళ్లు ఎక్కువ తాగించండి, ఆరు నెలలకోసారి రక్తం చూపించండి అన్నారు. కుళ్లిపోయిన పళ్లు రెండు తీసేశారు. తర్వాత టీకాలు, రేబిస్ టీకాతో సహా. పళ్లు తీశాక తిండి కొంచెం మెరుగైంది, ఇన్నాళ్లూ నొప్పి కూడా ఒక కారణమేమో అనిపించింది.

అయినా నేను గదిలో ఉన్నంతసేపూ తినేది కాదు. ట్రేలో ఇసక ముట్టేది కాదు, దుప్పటి మీద పాడుచేసేది. నాలుగు రోజులు దుప్పట్లు ఉతికాక, ఇంటి పెరట్లో మట్టికి అలవాటు పడ్డ ప్రాణం కదా అని తట్టి, కుండీలో మట్టి రెండు దోసిళ్లు తెచ్చి ట్రేలో కలిపాను. ఆ రాత్రే పని అయిపోయింది. ఇంత చిన్న సంగతి ముందే ఎందుకు తోచలేదా అని నా మీద నాకే చిరాకు వేసింది.

అప్పుడనిపించింది, దీని గురించి తెలిసినవాళ్లు ఎవరైనా మిగిలుంటారు కదా అని. షెల్టర్ రిజిస్టర్‌లో కొడుకు నంబర్ ఉంది. మెసేజ్ పెడితే ఆయన పక్కింటావిడ నంబర్ పంపాడు. ఆవిడతో పదిహేను నిమిషాలు మాట్లాడాను, ఆ మూడు నెలల్లో నేను చేసిన పనుల్లో తెలివైన పని అదొక్కటే. "దాని పేరు తులసమ్మా. పెద్దావిడ తప్ప ఎవరు పిలిచినా రాదు. స్టీలు గిన్నె అంచు మీద చెంచాతో టింగు టింగుమని రెండుసార్లు కొట్టేది, ఎక్కడున్నా వచ్చేది. పొద్దున పెరుగన్నం ఆవిడ పెట్టేది, మధ్యాహ్నం చేప తలకాయలు మా ఇంట్లో. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదులే" అంది.

ఫోన్ పెట్టేసి గదిలోకి వెళ్లి, మంచానికి దూరంగా గోడకి ఆనుకుని కూర్చున్నాను. అది మంచం కింద, అటు మూలలో, నాకు వీపు పెట్టి ఉంది. "తులసీ" అన్నాను. తల కదలలేదు. ఎడమ చెవి ఒక్కటి, గడియారం ముల్లులాగా మెల్లగా, నావైపు తిరిగింది. తిరిగి అక్కడే ఆగింది. రెండోసారి పిలిస్తే చెవి మీది చర్మం సన్నగా వణికింది. అంతే. పిల్లులు తమ పేరుని మిగతా మాటల్లోంచి వేరుగా గుర్తుపడతాయని జపాన్ పరిశోధకులు 2019లో తేల్చారు. నాకు ఆ చెవి చాలు. రెండు నెలలుగా దాన్ని ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు.

మర్నాటి నుంచి తిండిలో ఒక చెంచా పెరుగు కలపడం, గిన్నె రెండుసార్లు మోగించి గదిలోంచి వెళ్లిపోవడం. బోనాలప్పుడు వీధిలో డప్పులు మోగిన రెండు రోజులూ మళ్లీ మొదటికి వచ్చింది కానీ, జులై ఆఖరుకి నేను తలుపు దగ్గరే నిలబడినా తినేది.

ఇక ఇల్లు వెతకడం. నేను రాసిన మొదటి ప్రకటన ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది. "ముద్దులొలికే తులసికి ప్రేమగల ఇల్లు కావాలి. నెమ్మదైనది, కాస్త సిగ్గు ఎక్కువ, అలవాటైతే ఒళ్లోంచి దిగదు." ఒళ్లోంచి దిగదని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పెళ్లిచూపుల్లో అమ్మాయి గురించి చెప్పినట్టు చెప్పేశాను. వంద కూనల ప్రకటనలు రాసిన అలవాటు.

ఫోన్లు వచ్చాయి. పర్షియనేనా అని అడిగి, కాదంటే పెట్టేసినవాళ్లు సగం మంది. గోడౌన్‌లో ఎలకలున్నాయి పడుతుందా అని ఒకాయన. దానికి ఉన్నవే తక్కువ పళ్లండీ అన్నాను. ప్రేయసి పుట్టినరోజుకి సర్‌ప్రైజ్ ఇవ్వాలని ఒక కుర్రాడు, ఆ అమ్మాయిని అడిగి చెప్పమంటే ఇక సర్‌ప్రైజ్ ఏముందక్కా అన్నాడు. ఇంకొకావిడ అన్నీ విని, పదకొండేళ్లా, అంటే మళ్లీ త్వరగా ఏడవాలి కదమ్మా అని మెల్లగా చెప్పి పెట్టేసింది. ఇంట్లోనే పెరిగే పిల్లి పదిహేనేళ్లు, ఆ పైన కూడా బతుకుతుందని చెప్పబోయాను. ఆవిడ గొంతు విన్నాక చెప్పబుద్ధి కాలేదు.

ఆగస్టులో ఒక కుటుంబం వచ్చింది. మంచివాళ్లు, ఆ మాట ముందే చెప్పాలి. ఎనిమిదేళ్ల పాప ఉంది, బాల్కనీకి నెట్ వేయించారు, ఖరీదైన మంచం కూడా కొన్నారు పిల్లికి. నేను ఇచ్చేశాను. మొదటి రోజు వాషింగ్ మెషీన్ వెనకాల దూరింది. రెండో రోజు చుట్టాలు వచ్చారు. అలవాటైతే ఒళ్లోంచి దిగదని నేనే కదా రాశాను, మరి అలవాటు చేయాలంటే ఎత్తుకోవాలి కదా అని పాప వాళ్ల నాన్న చెయ్యి పెట్టి బయటికి లాగారు. మోచేతి దాకా గీరింది. ఆయన రాత్రి పదకొండుకి ఫోన్. సబ్బు పెట్టి పంపు కింద పావుగంట కడగండి, డాక్టర్ దగ్గరకి వెళ్లండి అన్నాను. తులసికి టీకాలు పడ్డాయి, అయినా మన దేశంలో గోటి గీరుకి కూడా రేబిస్ జాగ్రత్త తప్పదు. ఇంజెక్షన్లు వేయించుకున్నారు పాపం. నాలుగో రోజు తిరిగి తెచ్చిచ్చారు. పాప కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేనంటే ఇష్టం లేదా ఆంటీ దానికి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తప్పు నాది, ఏడ్చింది ఆ పిల్ల.

తులసి మళ్లీ మంచం కిందకి పోయింది. గిన్నె మోగిస్తే చెవి కూడా తిప్పలేదు, వారం పట్టింది.

ఆ వారంలో రెండో ప్రకటన రాశాను. ఈసారి ముద్దులొలకలేదు. "పదకొండేళ్ల నాటు పిల్లి. మీరు ఇంటికి వస్తే గుమ్మంలో ఎదురుచూడదు. మొదటి నెల మీకు కనపడకపోవచ్చు. ఎత్తుకోనివ్వదు, ఒళ్లో కూర్చుంటుందని హామీ లేదు. కిడ్నీలకి ఆరు నెలలకోసారి పరీక్ష చేయించాలి. చిన్నపిల్లలు, కుక్కలు, వేరే పిల్లులు లేని ఇల్లు కావాలి. చుట్టాలు తక్కువగా వచ్చే ఇల్లయితే మరీ మంచిది. గిన్నె మోగిస్తే వస్తుంది, మీరు అటు తిరిగి ఉంటే." ఫొటో కూడా మంచం కింద చీకట్లో రెండు కళ్లున్నదే పెట్టాను. షెల్టర్ గ్రూపులో ఒకరు, ఇలా రాస్తే యముడు కూడా తీసుకెళ్లడు అన్నారు.

మూడు వారాలు ఒక్క ఫోన్ లేదు. నాలుగో వారం మెట్టుగూడ వైపు నుంచి ఒక గొంతు. "చదివానమ్మాయ్. ఇచ్చే వస్తువుని ఇంత చెడ్డగా ఎవరైనా రాసుకుంటారా?" అని నవ్వి, "నాకు కూడా ఎవరైనా వచ్చి పక్కన ఆనుకుని కూర్చుంటే విసుగే. చూడ్డానికి రానా?" అంది. రైల్వే అకౌంట్స్ ఆఫీసులో చేసి రిటైరైన ఆంటీ. ఒక్కరే ఉంటారు.

వచ్చారు. అందరూ చేసే పని, మంచం కింద వంగి చూడటం, ఆవిడ చేయలేదు. కుర్చీలో కూర్చుని సంచిలోంచి పేపర్ తీసి పదకేళి నింపడం మొదలుపెట్టారు. నలభై నిమిషాలు. మధ్యలో నన్ను ఒక నిలువు మాట అడిగారు, నాకు రాలేదు. వెళ్లేముందు గిన్నె మోగించనా అని అడిగి, మోగించి, అటు తిరిగి నిలబడ్డారు. తులసి బయటికి రాలేదు కానీ ముక్కు కనిపించింది. "సరే, ఇవాళ్టికి ఇది చాలు" అన్నారు. అలా నాలుగుసార్లు వచ్చారు.

తర్వాత నేను వాళ్లింటికి వెళ్లాను. ఇల్లు చూడకుండా పిల్లిని ఇవ్వకూడదన్నది షెల్టర్ పద్ధతి. మొదటి అంతస్తు, రెండు గదులు. కిటికీలకి నెట్ ఉంది, బాల్కనీకి లేదు, వేయిస్తానన్నారు. బాత్రూమ్‌లో ఫినాయిల్ సీసా చూసి అది వద్దన్నాను, పిల్లులు నేల తొక్కి పాదాలు నాకుతాయి, ఫినాల్ వాటికి విషం. బీరువాలో కలరా ఉండలు తీయించాను. జ్వరం బిళ్లల డబ్బా మూత బిగించమన్నాను, పారాసెటమాల్ సగం బిళ్ల చాలు పిల్లి ప్రాణం పోవడానికి. "నా ఇంట్లో ఇన్ని హత్యాయుధాలున్నాయని తెలియదు" అన్నారు ఆంటీ.

ఇక అడగాల్సిన ప్రశ్న ఒకటి ఉంది, నోరు రావడం లేదు. ఆవిడకి అరవై ఎనిమిది. ఈ పిల్లి షెల్టర్‌కి వచ్చిందే ఒకావిడ పోయినందుకు. టీ అయిపోయింది, బిస్కెట్ అయిపోయింది, నేను ఫారం అటూ ఇటూ తిప్పుతున్నాను.

"ఆంటీ, ఒకవేళ మీకు ఏదైనా..."

"నేను పోతే అనే కదా? అడుగమ్మా, ఫరవాలేదు. నామినీ కాలమ్ ఖాళీగా ఉంటే ఏమవుతుందో ముప్ఫై ఏళ్లు ఆ కాయితాలే చూసినదాన్ని, నాకు తెలియదా?" అని, అక్కడే తమ్ముడి కూతురికి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, పిల్లికి కిడ్నీ పరీక్షలు కూడా చేయించాలని చెప్పి మరీ ఒప్పించారు. ఆ అమ్మాయి తర్వాతి ఆదివారం షెల్టర్‌కి వచ్చి సంతకం పెట్టింది. ఇన్నేళ్లలో ఆ కాలమ్ నింపినవాళ్లని చూశాను కానీ, అందులో పేరున్న మనిషిని కళ్లారా చూడటం అదే మొదటిసారి.

మధ్యలో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నుంచి ఒక అడ్డు. జంతువులు వద్దని తీర్మానం ఉందన్నారు. పెంపుడు జంతువులు వద్దని అసోసియేషన్లు మెజారిటీతో తీర్మానించినా చెల్లదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. ఆ కాపీ ప్రింట్ తీసి ఇచ్చాను. ఆంటీ దానికి కవరింగ్ లెటర్ రాసి, నంబర్ వేసి, అందినట్టు సంతకం తీసుకుని ఫైల్ చేశారట. తర్వాత ఎవరూ మాట్లాడలేదు.

సెప్టెంబర్ ఆఖరు శనివారం పొద్దున, డాక్టర్ రాసిచ్చిన మందు రెండు గంటల ముందు పెరుగులో కలిపి పెట్టి, బుట్టలో తను పడుకునే పాత దుప్పటే వేసి, పైన తువ్వాలు కప్పి ఆటో ఎక్కాను. రెండు సిగ్నళ్లు దాటాక సన్నగా ఒక మూలుగు. డ్రైవర్ అద్దంలో చూశాడు.

"పిల్లినా మేడమ్? బోణీ బేరమే పిల్లినా?"

"దిగమంటావా అన్నా?"

కొంచెంసేపు ఆలోచించాడు. "ఎదురొస్తే కదా అపశకునం. ఎనక కూసుంటే ఏం గాదు తియ్" అని గేరు మార్చాడు.

ఆంటీ చిన్న గది సిద్ధం చేసి ఉంచారు. బోర్లించిన అట్టపెట్టె, దానికి ఒక పక్క గుమ్మంలా కోత, గోనెసంచి చుట్టిన పీట, తిండికి దూరంగా మట్టి కలిపిన ట్రే. నేను బుట్ట తలుపు తీసి వచ్చేశాను. మూడు రోజులు బెదురు, మూడు వారాలు తెలుసుకోవడం, మూడు నెలలకి ఇల్లు అనిపించడం అని షెల్టర్లలో ఒక లెక్క చెబుతారు. తులసికి ప్రతిదానికీ రెట్టింపు వేసుకోండి అన్నాను.

ఆంటీ రోజూ రాత్రి ఒక మెసేజ్ పెట్టేవారు, రైల్వే రిజిస్టర్‌లా. "తిండి: ముప్పావు. నీళ్లు: తాగింది. దర్శనం: లేదు." పన్నెండు రోజులు దర్శనం లేదు. పదమూడో రోజు "దర్శనం: తోక." దీపావళికి కిటికీలు మూసి, ఫ్యాన్ పెద్దగా పెట్టి, రేడియో వేసి, ఆంటీ కూడా అదే గదిలో నేల మీద పడుకున్నారు. ఆ రాత్రి మెసేజ్ రాలేదు. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. పొద్దున ఆరింటికి వచ్చింది: "దర్శనం: నా కాళ్ల దగ్గర. కదలకుండా పడుకుని నడుం పట్టేసింది. ఉంటాను." డిసెంబర్‌లో మెసేజ్‌లు తగ్గాయి, తర్వాత ఆగిపోయాయి.

సంక్రాంతికి రమ్మన్నారు. వెళ్లేసరికి మేడల మీద గాలిపటాల గోల. హాల్లో ఇనుప బీరువా మీద పాత బొంత ఒకటి పరిచి ఉంది, అంచు నుంచి బూడిద రంగు తోక కొస వేలాడుతోంది. బరువు 3.4 అయిందని, రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరగలేదని ఆంటీ రిపోర్టు ఫైల్ తెచ్చి చూపించారు. నా గొంతు విన్నాక ఆ తోక కూడా లోపలికి వెళ్లిపోయింది. మూడు నెలలు నా ఇంట్లో మంచం కింద తిని పడుకున్నది. నేను మర్చిపోలేదు కానీ అది మర్చిపోయిందో, లేక గుర్తుండే దాక్కుందో. గిన్నె మోగించి చూడనా అని అడిగాను. "ఇప్పుడు దాని టైం కాదు" అన్నారు ఆంటీ, నిర్మొహమాటంగా.

కుర్చీలో కూర్చున్నాను. దిండు నిండా బూడిద రంగు వెంట్రుకలు. ఆంటీ ప్లేట్లో సకినాలు పెట్టి తెచ్చారు. ఒకటి తీసి కొరికాను, కర్రుమంది.

"మెల్లగా నములు," అన్నారు ఆంటీ, బీరువా వైపు చూస్తూ. "పడుకుంది."